జట్టుకు పేరు పెట్టే ముందు: తిరుపతి, చిత్తూరు టీమ్‌లు ట్రేడ్‌మార్క్ గొడవల్లో పడకుండా సమగ్ర మార్గదర్శి

మన వైపు ఒక టీమ్ పుట్టే వరస దాదాపు ఒకటే. ముందు వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపుకో పేరు, పేరుకో లోగో, ఆ వెంటనే తిరుప్పూరుకు జెర్సీల ఆర్డరు. ఆ పేరు మనం వాడుకోవచ్చా లేదా అన్న ప్రశ్న చాలాసార్లు అసలు రాదు. వచ్చినా జెర్సీల పార్సెల్ విప్పాక, స్పాన్సర్ తరఫు మనిషి అడిగినప్పుడు వస్తుంది. ఈ వరసను తిరగేయాలి. పేరు అనుకున్న రోజుకూ జెర్సీ అడ్వాన్సు కట్టే రోజుకూ మధ్య ఒక వారం పెట్టుకుంటే చాలు, కింద చెప్పిన పనులన్నీ అయిపోతాయి.

పేరు మీద గొడవలు రెండు రకాలు. మొదటిది బయటి గొడవ. మీ పేరు ఇంకొకరి పేరులా ఉందని వాళ్లు అభ్యంతరం చెప్పడం. రెండోది ఇంటి గొడవ. టీమ్ రెండుగా చీలి, పేరు మాదంటే మాదని ఇద్దరూ పట్టుబట్టడం. అందరూ మొదటిదానికి భయపడతారు. ఊరి స్థాయి టీమ్‌లను ఎక్కువగా ముంచేది రెండోది.

చట్టం ఏం చూస్తుంది

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం రిజిస్టర్ అయిన పేరును గానీ, దాన్ని పోలిన పేరును గానీ అదే రకం సేవకు, సరుకుకు వేరొకరు వాడితే అది ఉల్లంఘన. రిజిస్టర్ కాని పేరుకూ రక్షణ ఉంది. చాలాకాలంగా వాడి జనంలో గుర్తింపు తెచ్చుకున్న పేరును ఇంకొకరు తమదిగా చలామణి చేస్తే దాన్ని పాసింగ్ ఆఫ్ అంటారు. దాని మీదా కోర్టుకు వెళ్లొచ్చు.

పోలిక ఎంత ఉంటే తప్పు? అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల పేర్ల కేసులో సుప్రీంకోర్టు 1962లోనే కొలత చెప్పింది. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చేవాడిని కోర్టు లెక్కలోకి తీసుకోదు. ఒక పేరును ఎప్పుడో విని, సగం గుర్తుపెట్టుకుని, ఇవాళ రెండోది విన్న మామూలు మనిషి తికమకపడతాడా అన్నదే చూస్తుంది. మైకులో కామెంటేటర్ పేరు చెప్పినప్పుడు బౌండరీ దగ్గర నిలబడినవాడికి ఏం వినిపిస్తుందో ఊహించుకోండి. మీ పేరుకు పరీక్ష అక్కడే.

ఇంకొక తీర్పు కూడా గుర్తుంచుకోవాలి. తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా అనే మిఠాయి పేరు కేసులో 2015లో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ చేతిలో ఉన్నా సరే, అంతకుముందు నుంచే ఆ పేరు వాడుతున్నవారి హక్కే పైచేయి అని తేల్చింది. చిన్న టీమ్‌లకు ఇది ధైర్యం, హెచ్చరిక రెండూ. మీరు ముందు నుంచి వాడుతుంటే కాగితం లేకపోయినా బలం ఉంది. పక్క మండలంలో ఎవరో ముందు నుంచి వాడుతుంటే మీ దగ్గర కాగితం ఉన్నా బలం చాలదు.

అమెరికాలో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు 2021లో పాత పేరు మార్చుకుని గార్డియన్స్ అని ప్రకటించింది. అదే ఊళ్లో అదే పేరుతో ఒక చిన్న రోలర్ డెర్బీ (చక్రాల బూట్లతో ఆడే ఆట) జట్టు అప్పటికే ఉంది. వాళ్లు కోర్టుకెక్కారు. కొన్ని వారాల్లో రాజీ కుదిరింది, ఇద్దరూ ఆ పేరు వాడుకుంటున్నారు. కోట్ల జట్టు కూడా ఊళ్లో ఎవరున్నారో చూసుకోవాల్సి వచ్చింది.

“మేం గల్లీ టీమ్, మా మీద ఎవరు కేసు వేస్తారు?” అని అడిగేవాళ్లకు నిజాయితీ జవాబు ఇది: ఇందిరా మైదానంలో ఆదివారం టెన్నిస్ బాల్ ఆడుకునే పదిమంది మీద ఎవరూ వేయరు. డబ్బు తిరగడం మొదలయ్యాకే ఇబ్బంది. ఎంట్రీ ఫీజు, స్పాన్సర్, జెర్సీల అమ్మకం, యూట్యూబ్ లైవ్, కోచింగ్ క్యాంపు వీటిలో ఏది మొదలైనా మీరు ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నట్టే. అప్పుడు కూడా ముందు వచ్చేది కోర్టు సమన్లు కాదు. మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీద ఫిర్యాదు పడుతుంది, పేజీ మాయమవుతుంది. టోర్నమెంటు వారం రోజులుందనగా అది జరిగితే కేసు కన్నా ఎక్కువ నష్టం.

మొదటి మెట్టు: వదిలేయాల్సిన పేర్లు

మన జిల్లాల్లో అందరికన్నా ముందు నోటికొచ్చేది సూపర్ కింగ్స్. చెన్నై పక్కనే ఉంది, అభిమానులకు లోటు లేదు, కాబట్టి తిరుపతి సూపర్ కింగ్స్, చిత్తూరు సూపర్ కింగ్స్ అనేయడం తేలిక. వదిలేయండి. ఊరి పేరు మార్చి మిగతాది అలాగే ఉంచితే పేరు మారినట్టు కాదు. పైగా ఆ యాజమాన్యమే జోబర్గ్ సూపర్ కింగ్స్, టెక్సాస్ సూపర్ కింగ్స్ అని వేరే లీగుల్లో ఊరి పేరు మారుస్తూ జట్లు నడుపుతోంది. మీది కూడా ఆ వరసలోదే అని జనం అనుకోవడానికి అది చాలు. దానికి పసుపు జెర్సీ, గర్జించే సింహం కూడా కలిపితే వాదించడానికి మీకు ఏమీ మిగలదు.

రెండోది, రాష్ట్ర స్థాయి లీగుల పేర్లు. ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైనప్పుడే రాయలసీమ కింగ్స్ అనే జట్టు ఉంది. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2014 నుంచీ ఉంది. ఒక లీగులో జట్టు పేరు మారిపోయినంత మాత్రాన పాత పేరు ఖాళీ అయినట్టు కాదు. దాని రిజిస్ట్రేషన్, దాని మీద జనానికున్న జ్ఞాపకం ఇంకా బతికే ఉండొచ్చు.

మరి గుజరాత్ టైటాన్స్, తెలుగు టైటాన్స్ రెండూ ఎలా ఉన్నాయి అని అడగొచ్చు. ఆటలు వేరు, ముందున్న మాట వేరు, టైటాన్స్ అనే మాట ప్రపంచమంతా వాడేది. వారియర్స్, రాయల్స్, లయన్స్, స్ట్రైకర్స్ కూడా ఇలాంటివే. ఎవరికీ పూర్తిగా సొంతం కావు, మీకూ కావు. ఇలాంటి మాట పెట్టుకుంటే మీ మీద కేసు పడే అవకాశం తక్కువ. కానీ రేపు పలమనేరులో ఇంకొకరు వారియర్స్ అని పెడితే మీరూ ఆపలేరు. అది ఆలోచించుకుని పెట్టుకోండి.

మూడోది భక్తి. తిరుపతిలో టీమ్ అనగానే బాలాజీ, గోవిందా, శ్రీవారి, ఏడుకొండలు అన్న మాటలు వస్తాయి. ఇక్కడ రెండు చిక్కులు. మతభావాలను నొప్పించే గుర్తులను రిజిస్టర్ చేయకూడదని చట్టంలో సెక్షన్ 9 చెబుతోంది. చెమట పట్టే జెర్సీ మీద, కాళ్ల కింద పడే ఫ్లెక్సీ మీద స్వామి రూపం ఉంటే మన ఊళ్లోనే ముందు గొడవ. రెండోది, దేవుడి పేరు ఒక్కటే ఎవరి సొత్తూ కాదు. రామాయణ్ అనే పేరును అగరుబత్తీలకు ఒక్కరి ట్రేడ్‌మార్క్‌గా ఉంచడానికి వీల్లేదని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాలాజీ పేరు మీద దుకాణాలు, కంపెనీలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. ఆ పేరుతో మీకంటూ గుర్తింపు రాదు. గరుడాద్రి, శేషాద్రి లాంటి కొండల పేర్లు కాస్త నయం. అవి కూడా రైళ్లకూ సంస్థలకూ బాగా వాడినవే కనుక రెండో మాట గట్టిగా ఉండాలి. టీటీడీ చిహ్నాన్ని, దాన్ని పోలిన నామాల లోగోను ముట్టుకోవద్దు. తిరుపతి లడ్డూ 2009 నుంచి టీటీడీ పేరిట భౌగోళిక గుర్తింపు పొందిన పేరు. సరదాకు లడ్డూస్ అని పెట్టి టీషర్టులు అమ్మాలన్న ఆలోచన ఉంటే దాన్నీ మానుకోండి.

నాలుగోది, అధికారికంగా వినిపించే పేర్లు. డిస్ట్రిక్ట్, అసోసియేషన్, స్టేట్, ఆంధ్రా, ఇండియా అన్న మాటలు కలిపితే గుర్తింపు ఉన్న సంఘంలా, సర్కారు అండ ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రాపకం ఉందనిపించే పేర్లను 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ఆపుతుంది. జాతీయ చిహ్నం, మూడు సింహాలు లోగోలో అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన అయ్యాక పాత చిత్తూరు జిల్లా పేరుతో ఉన్న టీమ్‌లు కొన్ని ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఆడుతున్నాయి. పేరు మార్చుకోవాల్సిన పని లేదు గానీ, డిస్ట్రిక్ట్ అన్న మాట ఉంటే తీసేయడానికి ఇదే అదను.

ఇక హీరోల పేర్లు, బిరుదులు, సినిమా పాత్రల బొమ్మలు, బతికున్న ఆటగాళ్ల పేర్లు. బతికున్న మనిషి పేరుకు గానీ, చనిపోయి 20 ఏళ్లు కానివారి పేరుకు గానీ దరఖాస్తు వస్తే రిజిస్ట్రార్ అనుమతిపత్రం అడగొచ్చు. అభిమాన సంఘం లెటర్‌హెడ్ అనుమతి కింద లెక్కకు రాదు.

రెండో మెట్టు: నిలబడే పేరు కట్టడం

ఊరి పేరు ఒక్కటే పెట్టుకుంటే రిజిస్ట్రేషన్ రావడం కష్టం, ఎందుకంటే ఊరి పేరు అందరిదీ. ఊరి పేరుకు క్రికెట్ క్లబ్ అని కలిపినా అంతే. అందుకే బలమంతా రెండో మాటలో ఉండాలి. ఆ మాట ఆటను నేరుగా వర్ణించేది కాకూడదు, పక్క లీగులో ఉన్నది కాకూడదు, మైకులో ఒక్కసారి వింటే దొరకాలి.

దీనికి మన నేల మీదే బోలెడు సరుకుంది. శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది, దేవాంగ పిల్లి ఉంది. కౌండిన్య అడవిలో ఏనుగులున్నాయి. పుంగనూరు పొట్టి గిత్త ఉంది. స్వర్ణముఖి, నీవా లాంటి ఏటి పేర్లున్నాయి. చంద్రగిరి కోట ఉంది. ఎర్రచందనం ఉంది, అయితే ఆ పేరు పెడితే వచ్చే జోకులకు మీరు సిద్ధపడాలి. సింహం, పులి, డేగ ప్రపంచంలో సగం జట్ల దగ్గర ఉన్నాయి. కబడ్డీ టీమ్‌కు దేవాంగ పిల్లి పెట్టుకున్నవాళ్లతో పోటీ పడేవాళ్లు ఎక్కడా ఉండరు.

ఒక్క పేరుతో ఆగొద్దు, ఐదు రాసుకోండి. వెతుకులాటలో కనీసం మూడు రాలిపోతాయి. ఒక్క పేరు మీదే మనసు పెట్టుకున్నవాడు వెతికేటప్పుడు కళ్లు మూసుకుంటాడు.

మూడో మెట్టు: వెతకడం

పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ కావాల్సింది ఇక్కడే. ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉచితం. అందులో మూడు రకాలుంటాయి: వర్డ్‌మార్క్, ఫొనెటిక్, వియన్నా కోడ్. చాలామంది మొదటిది ఒక్కసారి కొట్టి, ఏమీ రాలేదని సంబరపడి బయటికొస్తారు.

సరుకులు, సేవలను 45 తరగతులుగా విభజించారు. సెర్చ్‌లో తరగతి నంబరు ఇవ్వాలి. టీమ్‌కు ముఖ్యమైనది 41, అంటే క్రీడలు, వినోదం, శిక్షణ. జెర్సీలు, టోపీలు, బూట్లు 25. బ్యాట్లు, బంతులు, ఆట సామాను 28. అమ్మకాలు, ప్రకటనలు 35. మీరు దరఖాస్తు ఒక్క 41లోనే వేసినా వెతకడం మాత్రం నాలుగింటిలోనూ చేయాలి. జెర్సీల మీద పేరున్న టీమ్‌కూ బట్టల కంపెనీకీ గొడవ వచ్చేది 25 దగ్గరే.

ఒక పేరు తీసుకుని చేసి చూద్దాం: పుంగనూరు గిత్తలు.

ముందు వర్డ్‌మార్క్‌లో కంటెయిన్స్ ఎంచుకుని రెండో మాటను ఒక్కదాన్నే కొట్టండి. పూర్తి పేరు కొడితే అచ్చం అదే ఉంటే తప్ప దొరకదు. ఇంగ్లిష్ అక్షరాల్లో గిత్తలు రాయడానికి నాలుగైదు దారులున్నాయి: ఒక టీతో, రెండు టీలతో, టీ పక్కన హెచ్‌తో, చివరి యూ లేకుండా గిత్త అని. అన్నీ వేర్వేరుగా కొట్టాలి. మొదటి నాలుగు అక్షరాలు ఇచ్చి చూస్తే కొన్ని ఒకేసారి బయటపడతాయి. ఆ తర్వాత ఫొనెటిక్‌లో కొట్టండి, అది శబ్దాన్ని బట్టి తెస్తుంది. అనవసరమైనవీ చాలా తెస్తుంది, ఓపిగ్గా కిందికి దిగాలి. కింగ్స్‌లో ఎస్ తీసేసి జెడ్ పెట్టడం లాంటి తెలివితేటలు ఈ ఫొనెటిక్ ముందు నిలవవు. రేపు మీ దరఖాస్తును పరీక్షించే అధికారి వాడేదీ ఇలాంటిదే.

తర్వాత అర్థం. గిత్తలు అంటే ఎద్దులు, కాబట్టి బుల్స్ అని 41లోనూ 25లోనూ కొట్టండి. కబడ్డీలో బెంగళూరు బుల్స్ కనిపిస్తుంది. వేరే భాషలో అదే అర్థం ఉన్న మాట కూడా అభ్యంతరానికి దారి తీయొచ్చు. ఇక్కడ ఎంత ప్రమాదం? మా అంచనాలో తక్కువే. బుల్స్ అనేకమంది వాడుతున్న మాట, మీది తెలుగు మాట, ముందు పుంగనూరు ఉంది, శబ్దంలో పోలికే లేదు. ప్రమాదం పేరులో కన్నా బొమ్మలో ఉంది. దూకుతున్న ఎర్ర ఎద్దును, అందులోనూ ఎదురెదురుగా రెండింటిని గీస్తే అది రెడ్ బుల్ లోగో అయిపోతుంది. ఆ కంపెనీ అమ్మేది పానీయమే అయినా న్యూయార్క్ రెడ్ బుల్స్ లాంటి ఫుట్‌బాల్ జట్లు కూడా దాని చేతిలో ఉన్నాయి. బాగా పేరున్న మార్కులకు తమ తరగతి దాటి కూడా రక్షణ ఉంటుంది. నిజమైన పుంగనూరు గిత్తలా పొట్టిగా, తెల్లగా, మూపురంతో గీయించండి. గొడవా పోతుంది, బొమ్మా మనదవుతుంది.

బొమ్మ వెతకడానికే వియన్నా కోడ్. ఒక్కో ఆకారానికీ ఒక నంబరు ఉంటుంది. సింహానికి 3.1.1, ఏనుగుకు 3.2.1. ఆ కోడ్ ఇచ్చి 41లో చూస్తే ఇప్పటికే ఎలాంటి బొమ్మలున్నాయో తెలుస్తుంది.

ఫలితాల్లో పక్కన ఉండే స్థితిని చదవడం తెలియాలి. రిజిస్టర్డ్ అంటే ఎర్ర జెండా. ఆబ్జెక్టెడ్, అపోజ్డ్ అంటే ఇంకా తేలలేదు, అయినా వాళ్ల తేదీ మీకన్నా ముందుది. అబాండన్డ్, రిఫ్యూజ్డ్, రిమూవ్డ్ అని ఉంటే చాలామంది ఖాళీ అనుకుంటారు. దరఖాస్తు వదిలేసినవాడు పేరు వాడటం మానేశాడని దానికి అర్థం కాదు. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోందేమో నెట్‌లో చూడండి. రిఫ్యూజ్ అయ్యిందంటే ఎందుకు అయ్యిందో ఆ ఫైల్లో అధికారి రాసిన పరీక్ష నివేదికలోనే ఉంటుంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. మీకు రాబోయే అభ్యంతరం కూడా అదే కావొచ్చు.

రిజిస్ట్రీలో లేని వాడకందార్లను పట్టుకోవడానికి గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్, ప్లే స్టోర్, క్రికెట్ అయితే స్కోరింగ్ యాప్‌లు చూడాలి. స్కోరింగ్ యాప్‌లో మీ పేరున్న టీమ్ మదనపల్లెలోనో వేలూరులోనో కనిపించడం మామూలే. ఆఖరికి మనుషుల్ని అడగండి. ఎస్వీయూ గ్రౌండ్‌లో, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో ఏళ్లుగా టోర్నమెంట్లు పెట్టే అంపైర్లకు, నిర్వాహకులకు ఏ పేరు ఎవరిదో నోటికి వచ్చు. ఏ వెబ్‌సైట్‌లోనూ లేని పాత టీమ్ సంగతి వాళ్ల దగ్గరే బయటపడుతుంది.

చూసిన ప్రతి పేజీనీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. రేపు ఎవరైనా కావాలని కాపీ కొట్టారంటే, మంచి మనసుతో వెతికే పెట్టుకున్నామనడానికి అదే రుజువు.

నాలుగో మెట్టు: లోగో చేతికి రావాలి

డబ్బిచ్చి చేయించినంత మాత్రాన లోగో మీదైనట్టు కాదు. గీసినవాడికి కాపీరైటు ఉంటుంది, అది రాతపూర్వకంగా మీకు బదలాయించాలి. ఆ కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. కనుక “కాపీరైటు గడువు మొత్తానికి, ప్రపంచమంతటా” అని రెండు ముక్కలు తప్పకుండా రాయించుకుని సంతకం పెట్టించండి. ఉచిత టెంప్లేటుతో చేసిన లోగో అయితే అదే బొమ్మ ఇంకో వందమంది దగ్గర ఉంటుంది, దాన్ని మీ సొంతమని రిజిస్టర్ చేయించుకోలేరు. ఫ్లెక్సీ షాపులో నెట్ నుంచి దింపి పేరు మార్చి ఇచ్చేవాటి సంగతి మీకే తెలుసు. ఐపీఎల్ లోగోలోని బ్యాట్స్‌మన్ నీడ బొమ్మను ఊరి ప్రీమియర్ లీగులన్నీ వాడుతున్నాయి కదా అని మీరూ వాడొద్దు. ఒలింపిక్ ఐదు వలయాలు కూడా అంతే.

ఐదో మెట్టు: పేరు ఎవరిది

ఇంటి గొడవ అంతా ఇక్కడే పుడుతుంది. రిజిస్టర్ కాని టీమ్‌కు చట్టం దృష్టిలో ఉనికి లేదు, కాబట్టి టీమ్ పేరు మీద ట్రేడ్‌మార్క్ తీసుకోలేరు. ఒక మనిషి పేరు మీదైనా, కొందరి ఉమ్మడి పేరు మీదైనా, సొసైటీ, భాగస్వామ్య సంస్థ, కంపెనీ లాంటి వాటి మీదైనా ఉండాలి.

సులువుగా జరిగేది కెప్టెన్ పేరు మీద వేయడం. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తికి ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మామూలు సంస్థకు 9,000. ఆ తేడా చూసి కెప్టెన్ పేరు మీద వేస్తారు. రెండేళ్లకు కెప్టెన్ మనస్పర్ధతో బయటికి పోతాడు, పేరూ పోతుంది. ఒకవేళ అతను మంచివాడై రాసిచ్చినా, రిజిస్ట్రీలో యజమాని మార్పు నమోదుకు టీఎం-పీ ఫారం వేయాలి. దానికే ఒక్కో మార్కుకు ఆన్‌లైన్‌లో 9,000. మొదట మిగిలించుకున్నదానికి రెట్టింపు.

ఆడేది సరదాకు కాదనుకుంటే సొసైటీ పెట్టడం మేలు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్ కింద చిన్న సంస్థగా అర్హత ఉంటే ట్రేడ్‌మార్క్ ఫీజు మళ్లీ 4,500కే వస్తుంది. ఉద్యమ్ నమోదు ఉచితం, బయట ఎవరికీ డబ్బు కట్టొద్దు. ఒక్క సంగతి: సొసైటీ పేరు రిజిస్టర్ అయినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ వచ్చినట్టు కాదు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి అదే హక్కుపత్రం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

సొసైటీ పెట్టినా పెట్టకపోయినా ఒక ఒప్పందం రాసుకోండి. స్టాంపు పేపరు మీద, అందరి సంతకాలతో. భాష గంభీరంగా ఉండక్కర్లేదు, ఈ మాటలు ఉంటే చాలు:

“జట్టు పేరు, లోగో, వాటితో నడిచే ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఖాతాలు, వెబ్ చిరునామా అన్నీ ఫలానా సొసైటీకే చెందుతాయి. ఏ సభ్యుడైనా తన పేరు మీద వీటిని తీసుకుని ఉంటే అది సొసైటీ తరఫున మాత్రమే. బయటికి వెళ్లే సభ్యుడు పాస్‌వర్డులు 7 రోజుల్లో అప్పగించాలి. ఈ పేరును గానీ, దీన్ని పోలిన పేరును గానీ మరో జట్టుకు వాడకూడదు. స్పాన్సర్ పేరు జట్టు పేరుతో కలిపి వాడినా ఆ కాలం ముగిశాక స్పాన్సర్‌కు జట్టు పేరు మీద హక్కు ఉండదు.”

చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, స్పాన్సర్ డబ్బుతో మొదటి ఏడు నడిచిన టీమ్‌లకు అదే ప్రాణం. వేలంపాటతో టీమ్‌లను ఇచ్చే ఊరి లీగుల్లో చేరుతుంటే ఇంకా జాగ్రత్త. లీగు నిబంధనల్లో టీమ్ పేరు నిర్వాహకులదని ఉంటే మీరు రెండేళ్లు పెంచిన పేరు మూడో ఏడు వేరేవాడికి పోతుంది. పాత పేరుతో చేరుతున్నట్టయితే అది మీదేనని ఒక లేఖ ముందే తీసుకోండి.

ఆరో మెట్టు: దరఖాస్తు

ఫారం టీఎం-ఏ. ఆంధ్రప్రదేశ్ చిరునామా కాబట్టి చెన్నై రిజిస్ట్రీ పరిధి. విచారణలు వీడియోలోనే జరుగుతాయి గనుక వెళ్లే పని ఉండదు. సొంతంగా వేయాలంటే క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలి, లేదంటే ట్రేడ్‌మార్క్ ఏజెంటు ద్వారా.

డబ్బు ఒక్క దరఖాస్తుకే ఉంటే పేరును అక్షరాలుగా, 41వ తరగతిలో వేయండి. లోగోతో కలిపి వేస్తే రక్షణ ఆ మొత్తం బొమ్మకే, అందులోని ఒక్కో మాటకూ విడిగా హక్కు రాదు. లోగో ఏటా మారుతుంది, పేరు మారదు. జెర్సీలు అమ్మే ఆలోచన నిజంగా ఉంటేనే 25 కలపండి. తెలుగు లిపిలో పేరు వేస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం కూడా ఇవ్వాలి.

ఎప్పటి నుంచి వాడుతున్నారు అన్న గడి దగ్గర చాలామంది బోల్తా పడతారు. తేదీ వెనక్కి వేస్తే బలమనుకుని ఊహించి రాస్తారు. తేదీ రాస్తే దానికి అఫిడవిట్, రుజువులు జతచేయాలి: టోర్నమెంటు ఫిక్చర్, పేపర్ కటింగ్, జెర్సీ బిల్లు, తేదీ ఉన్న పోస్టు. రుజువు లేని తేదీ తర్వాత గొడవలో మీకే ఎదురు తిరుగుతుంది. ఇంకా మొదలుపెట్టకపోతే “వాడబోతున్నాం” అని ఎంచుకోండి.

ఈమెయిలు టీమ్‌ది ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లది కాదు. పరీక్ష నివేదిక దానికే వస్తుంది. అభ్యంతరాలుంటే అందిన నాటి నుంచి నెల లోపు జవాబు ఇవ్వాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. సెక్షన్ 9 అభ్యంతరం అంటే పేరు బలహీనమని, సెక్షన్ 11 అంటే ఇంకొకరి పేరును పోలి ఉందని. రెండోది వస్తే జాబితాలో చూపిన ఒక్కో పేరుకూ మీకూ ఉన్న తేడా, అంటే శబ్దం, రూపం, అర్థం, సేవ, విడివిడిగా రాయాలి. మాది వేరే పేరు అని ఒక్క వాక్యం రాసి పంపితే పని జరగదు.

అది దాటాక సోమవారం సోమవారం వచ్చే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది. అక్కడి నుంచి 4 నెలలు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. వేస్తే, ఆ నోటీసు మీకు అందిన 2 నెలల్లో ప్రతివాదన వేయాలి. ఈ గడువు పెరగదు. ఎవరూ వేయకపోతే సర్టిఫికెట్ వస్తుంది, హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్క. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా పేరు పక్కన టీఎం గుర్తు మాత్రమే వాడాలి. వలయంలో ఆర్ పెట్టడం చట్టరీత్యా తప్పు.

నోటీసు వస్తే

చింపి పారేయొద్దు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి హీరో కావొద్దు. ముందు కొత్త జెర్సీలు, ఫ్లెక్సీల ముద్రణ ఆపండి. నోటీసులో చెప్పిన రిజిస్ట్రేషన్ నంబరును సైట్‌లో కొట్టి, అది ఏ తరగతిలో ఉంది, బతికి ఉందా, ఎప్పటి నుంచి వాడుతున్నామన్నారు అన్నవి చూడండి. మీ మొదటి వాడకం రుజువులు ముందు పెట్టుకోండి. అప్పుడు లాయరు దగ్గరికి వెళ్లండి.

కేసు ఎక్కడ పడుతుందో కూడా తెలిసి ఉండాలి. ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కేసును యజమాని తాను ఉండే, వ్యాపారం చేసే ఊళ్లోనే వేయొచ్చు. అంటే ముంబై కంపెనీ ముంబైలోనే వేస్తుంది, మీరు అక్కడికి తిరగాలి. మీ మాట వినకుండానే ఆపమని ఉత్తర్వు వచ్చే భయం ఉంటే కేవియట్, అంటే మా మాట కూడా వినమని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ, వేయించండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

మీ తప్పు స్పష్టంగా ఉంటే బేరం చేయడమే మంచిది. ఈ సీజన్ టోర్నమెంటు అయ్యేదాకా, ఉన్న జెర్సీలు అయిపోయేదాకా గడువు అడగండి, ఆ తర్వాత మారుస్తామని రాసివ్వండి. చాలామంది ఒప్పుకుంటారు. ఇద్దరికీ వాదన ఉంటే సహజీవన ఒప్పందం మరో దారి: ఎవరు ఏ ఆటకు, ఏ రంగులతో, ఏ ప్రాంతంలో వాడాలో రాసుకోవడం. అమెరికాలో వేగస్ గోల్డెన్ నైట్స్ హాకీ జట్టు పేరు మీద, అదే పేరున్న పారాచూట్ బృందం గల సైన్యం 2018 జనవరిలో అభ్యంతరం వేసింది. అదే ఏడాది జూలైకల్లా ఇద్దరూ వాడుకునేలా ఒప్పందం అయిపోయింది. అవతలివాడు ఏ హక్కూ లేకుండా ఊరికే బెదిరిస్తున్నాడనుకుంటే అలాంటి బెదిరింపుల మీద మీరే దావా వేసే వీలు సెక్షన్ 142లో ఉంది. దాన్ని జవాబు నోటీసులో ప్రస్తావిస్తే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది.

సర్టిఫికెట్ వచ్చాక

దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది. గడువుకు ఏడాది ముందు నుంచి పునరుద్ధరణ కట్టొచ్చు, ఆన్‌లైన్‌లో తరగతికి 9,000. దాటిపోతే 6 నెలల దాకా అదనపు రుసుముతో కట్టొచ్చు. వరసగా 5 ఏళ్లకు పైగా వాడకపోతే ఎవరైనా తీసేయమని అడగొచ్చు. కాబట్టి టీమ్ ఆడని ఏడు కూడా ఒక క్యాంపో, ఒక మ్యాచో ఆ పేరుతో పెట్టి దాని ఫిక్చర్, బిల్లు ఫోల్డర్‌లో వేయండి. మూడు నెలలకోసారి అదే పబ్లిక్ సెర్చ్‌లో మీ పేరు మళ్లీ కొట్టి చూడండి. కొత్తగా ఎవరైనా పోలిన పేరు వేసి జర్నల్‌లోకి వస్తే ఆ 4 నెలల్లోనే టీఎం-ఓ ఫారంతో అభ్యంతరం వేయాలి, ఆన్‌లైన్‌లో తరగతికి 2,700. ఆ గడువు దాటితే రద్దు పిటిషన్ వేసుకోవాల్సి వస్తుంది, అది ఇంకా పొడుగు దారి.